డిస్కు ప్రదర్శనమున చిత్రపాఠ నిర్ణయము: తెర నిష్పత్తిని గూర్చి యొక పరిశీలనము

చలనచిత్రమును గూర్చిన చర్చ తెలుగు శాఖా పత్రికలో చోటు చేసికొనుట కొందరికి వింతగా తోచవచ్చును. మేమిచ్చట చర్చింపబోవునది నటుల ప్రతిభ కాదు, కథాకల్పనము కాదు. ఒక చిత్రమును డిస్కునుండి తెరపై ప్రదర్శించునపుడు దాని వెడల్పునకును ఎత్తునకును గల నిష్పత్తి యెట్లుండవలెనను చిన్న ప్రశ్న మాత్రమే. ఇది యంత్రము నడపువాని పని యని యింతకాలము మేమును తలచితిమి. ఇది పాఠపరిష్కరణమునకు చెందిన పని యని మాకు తెలిసివచ్చిన సందర్భమును మొదట చెప్పి, పిమ్మట చరిత్రలోనికి పోయెదము.

శంషాబాదు విమానాశ్రయమునకు పోవు రహదారికి కొంత లోపలగా నున్న యొక సభాభవనమున, పరిశోధక విద్యార్థులకై 'మాయాబజార్' చిత్రమును ప్రదర్శించితిమి. ఫిల్ము రీళ్ళు కావు. నలుపు తెలుపుల డిస్కు. తెర వెడల్పు 12 అడుగులు, ఎత్తు 6 అడుగుల 9 అంగుళములు. అనగా నేటి టెలివిజన్ ఆకారము. చుట్టుపట్ల గ్రామములవారు కొందరు వచ్చి వెనుక వరుసలలో కూర్చుండిరి. చిత్రము మొదలై బొమ్మ తెరనంతయు నిండుగా నాక్రమించినది. అందరును సంతసించిరి. ఘటోత్కచుడు ప్రవేశించిన కొంతసేపటికి వెనుకనుండి యొక వృద్ధుడు లేచి, "సార్, మేం టూరింగ్ టాకీసుల జూసినప్పుడు ఘటోత్కచుడు గిట్ల పొట్టిగ లేకుండె" అనెను. విద్యార్థులు నవ్విరి. మేము నవ్వలేకపోతిమి. ఏలయన, వివాహభోజన సన్నివేశమున గాలిలో లేచి ఎస్. వి. రంగారావుగారి నోటిలోనికి పోవు లడ్లు గుండ్రముగా లేవు. అప్పచ్చులవలె అడ్డముగా సాగియున్నవి.

యంత్రము నడపు యువకుడు తప్పును గ్రహించి వేరొక మీట నొక్కెను. లడ్లు గుండ్రముగా మారినవి, తెర యిప్పటికిని నిండియే యున్నది. కాని ఘటోత్కచుని కిరీటపు కొన పైన తెగిపోయినది, పాదములు క్రింద తెగిపోయినవి. మూడవమారు మరియొక మీట నొక్కగా బొమ్మ 9 అడుగుల 3 అంగుళముల వెడల్పునకు కుదించుకొని, తెర కిరుప్రక్కల నల్లని పట్టీలు మిగిలినవి. కిరీటము, పాదములు, లడ్లు అన్నియు యథాస్థానమునకు వచ్చినవి. అంతట ముందువరుసనుండి, తెరలో నాలుగవ వంతు వ్యర్థమైనదను గొణుగుడు వినవచ్చినది. ఒకే డిస్కు, ఒకే తెర. అయినను మూడు ఘడియలలో మూడు 'మాయాబజార్'లు చూచితిమి. వానిలో కె. వి. రెడ్డిగారి చిత్ర మేది?

తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితునకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను మొదలుకొని మన పరిష్కర్తలందరును ఒక కావ్యమునకు లభించిన ప్రతులను సరిపోల్చి, లేఖకుని ప్రమాద మేది, కవి పాఠ మేది యని విచారించినవారే. డిస్కు కూడ నొక ప్రతి. దానిని తెరపై చూపువాడు, తెలిసియో తెలియకయో, లేఖకుడగుచున్నాడు. ఇందులకు వెంటనే యొక ఆక్షేపణము రాగలదు: తాటాకున ఒక పంక్తిలో ఎన్ని యక్షరములు పట్టునో యను విషయము కావ్యపాఠమునకు సంబంధింపదు గదా, తెర యాకారమును అట్టిదే యేల కారాదు? ఆక్షేపణము బలమైనదే. దీనికి సమాధానము చెప్పవలెనన్న తెర యాకారము ఎవరు, ఎప్పుడు, ఏ కారణమున నిర్ణయించిరో తెలియవలెను.

ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అను నాతడు 1890 దశకపు తొలి సంవత్సరములలో 35 మిల్లీమీటర్ల ఫిల్మును రూపొందించెను. ఒక్కొక్క బొమ్మకు ప్రక్కన నాలుగేసి రంధ్రములు. బొమ్మ వెడల్పు సుమారు అంగుళము, ఎత్తు ముప్పాతిక అంగుళము. అనగా నాలుగింటికి మూడు, లేక 1.33. ఈ యాకారమునకు సౌందర్యశాస్త్ర కారణము లేమియు లేవు. పనికి అనువైన కొలత యని యేర్పడి, 1909లో అమెరికా నిర్మాతల సంఘము స్వీకరించుటతో స్థిరపడినది. 1920 దశకపు చివర మాటలు వచ్చినవి. శబ్దరేఖ ఫిల్ముపై ఒక ప్రక్క చోటు నాక్రమించుటచే బొమ్మ ఇంచుమించు చతురస్రమయ్యెను. ఈ చిక్కును తొలగించుటకు అమెరికాలోని అకాడమీ 1932లో క్రొత్త కొలత నేర్పరచినది. ప్రదర్శన యంత్రపు కిటికీ 0.825 అంగుళము వెడల్పు, 0.600 అంగుళము ఎత్తు. నిష్పత్తి సుమారు 1.37. అదే 1932లో హెచ్. ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద' వెలువడుట కేవలము కాకతాళీయమే యైనను, తెలుగు టాకీ వయస్సును ఈ చట్రపు వయస్సును ఒక్కటియే యని జ్ఞాపకముంచుకొనుటకు ఉపకరించును.

'పాతాళభైరవి' (1951), 'మల్లీశ్వరి' (1951), 'దేవదాసు' (1953), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962), 'నర్తనశాల' (1963): మనము స్వర్ణయుగమని చెప్పుకొను కాలపు చిత్రములన్నియు నీ చట్రముననే పుట్టినవి. ఈ చట్రము మన పౌరాణిక చిత్రములకు ఎంత యనుకూలించినదో విమర్శకులు తగినంతగా గుర్తించినట్లు లేదు. పౌరాణిక పాత్రకు తలపై కిరీటము కలదు. ముఖమును దగ్గరగా చూపునపుడు గడ్డము మొదలు కిరీటాగ్రము వరకు చోటు కావలెను. ముఖముకంటె కిరీటమే యొక్కొక్కప్పుడు పొడవు. నాట్యము చేయు పాత్రకు నెత్తిమీది యాభరణము మొదలు కాలి గజ్జె వరకు ఒక్క చూపులో కనబడవలెను. మాయాశశిరేఖయై సావిత్రిగారు ఘటోత్కచుని నడకను, భుజముల విసురును, మీసము దువ్వు చేష్టను అనుకరించు ఘట్టము నిలువెత్తు నటన. దానిని నడుమువరకు కత్తిరించినచో హాస్యము సగము పోవును.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ఈ నిలువు చోటును ఎంత పొదుపుగా వాడుకొనెనో డిస్కును ఆపి ఆపి చూచిన తెలియును. నౌకావిహార గీతమున వెన్నెల చిత్రమంతటికి ప్రసిద్ధి తెచ్చినది. అచ్చట పైన ఆకాశమునకును క్రింద నీటికిని చోటిచ్చి, నడుమ నావ నుంచెను. పైనను క్రిందను కత్తిరించినచో మిగులునది నావలోని మనుష్యులు, పోవునది వెన్నెల. ప్రియదర్శిని యను పేటికలో ఎవరికి ప్రియమైనది వారికి కనబడు సన్నివేశ మొకటి కలదు. అది తెరలోని తెర. బొమ్మను సాగదీసినపుడు పేటికయు సాగును, దానిలోని ప్రియరూపమును సాగును; ఒక తప్పు రెండుమారులు పడును.

ఇప్పుడు పైయాక్షేపణమునకు సమాధానము చెప్పవచ్చును. చట్రపు అంచు తాటాకు అంచు వంటిది కాదు, ఛందస్సు వంటిది. తాటాకు పొడవును కవి నిర్ణయింపడు, వృత్తమును కవి యెన్నుకొనును. లేదా, ఎన్నుకొను స్వాతంత్ర్యము లేకున్నను, దాని హద్దు నెరిగి పదములు కూర్చును. 1.37 చట్రమును నేటి 16:9 తెర నిండునట్లు పెంచినచో ఎత్తులో నూటికి 23 పాళ్ళు పోవును. ఉత్పలమాల పాదమునందలి యిరువది యక్షరములలో నాలుగైదు తీసివేయుటతో సమానము. మిగిలిన పదునైదు పదునారును కవి వ్రాసినవే, కాదనలేము. కాని యతి యెక్కడ?

ఇంతవరకు సమస్య సులభము. చిక్కు 1953లో ఆరంభమైనది. అమెరికాలో టెలివిజన్ పోటీకి వెరచిన చిత్రసంస్థలు, ఇంట దొరకని వస్తువును ప్రేక్షకునకు చూపవలెనని తెరను వెడల్పు చేయసాగినవి. టెలివిజన్ పెట్టె పాత చలనచిత్రపు 4:3 ఆకారమునే స్వీకరించియుండుటచే, చలనచిత్రము తన ఆకారమునే విడువవలసి వచ్చినది. పారామౌంట్ సంస్థ పాత చట్రమున తీసిన 'షేన్' చిత్రమును 1953లో పైన క్రింద కత్తిరించి 1.66గా ప్రదర్శించినది. అదే సంవత్సరమున ఫాక్స్ సంస్థ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హెన్రీ క్రెతియే కనిపెట్టిన కటకమును వాడి 'ది రోబ్' చిత్రమును సినిమాస్కోపున విడుదల చేసెను. ఆ కటకము చిత్రీకరణమునందు దృశ్యమును అడ్డముగా సగమునకు నొక్కి ఫిల్ముపై ముద్రించును. ప్రదర్శనమునందు మరియొక కటకము దానిని రెండింతలు సాగదీసి తెరపై యథారూపమున నిలుపును. నిష్పత్తి మొదట 2.55, శబ్దరేఖ ఫిల్ముపైకి వచ్చిన పిమ్మట 2.35, 1970 తరువాత స్వల్పముగా మారి 2.39. పాత చట్రమునందే తీసి కత్తిరించి చూపు పద్ధతి కూడ నిలిచి, అమెరికాలో 1.85 వాడుకైనది.

ఈ రెండు పద్ధతులకును గల భేదమును పరిశోధకుడు మరువరాదు. సినిమాస్కోపున వెడల్పు నిజముగా చిత్రీకరింపబడినది. కత్తిరింపు పద్ధతిలో ఫిల్ముపై నిండు బొమ్మయే యుండును. ప్రదర్శన యంత్రపు కిటికీకి బిగించు లోహపు పలకయే దానిని వెడల్పుగా కనిపింపజేయును. ఒకే ప్రతి ఒక హాలులో ఒక రీతిగను, మరియొక హాలులో మరియొక రీతిగను కనబడుటకు కారణ మిదియే. క్రొత్త వెడల్పు తెర వేసికొని, పలకను మార్చిన యజమాని, దానిపై పాత పౌరాణికమును చూపినపుడు కిరీటములకు ముప్పు వచ్చినది. బొమ్మ తెగినచో "తల, తల" యని అరచిన ప్రేక్షకులను, చట్రమును పైకి క్రిందికి జరిపి వారిని శాంతింపజేసిన ఆపరేటర్లను మన తరమువారెరుగుదురు.

భారతదేశమున తొలి సినిమాస్కోపు చిత్రము గురుదత్ గారి 'కాగజ్ కే ఫూల్' (1959). దాని ఛాయాగ్రాహకుడు వి. కె. మూర్తి. దక్షిణమున ఈ పద్ధతి వేళ్ళూనుటకు మరి పదునాలుగు సంవత్సరములు పట్టినది. తమిళమున 'రాజరాజ చోళన్' 1973లోను, తెలుగున 'అల్లూరి సీతారామరాజు' 1974 మే నెలలోను వచ్చినవి. కృష్ణగారి యీ చిత్రమునకు వి. ఎస్. ఆర్. స్వామి ఛాయాగ్రాహకుడు, దర్శకుడు వి. రామచంద్రరావు చిత్రము పూర్తికాకమునుపే మరణించెను. అడవులు, కొండచరియలు, వానిపై బారులుగా కదలు మన్యపు వీరులు: ఇట్టి కథకు అడ్డపు చట్రము తగినది. కిరీటమునకు నిలువెట్లో, విల్లంబులు పట్టిన జనసమూహమునకు అడ్డమట్లు.

ఈ భేదమును విద్యార్థులకు మాటలతో చెప్పుట కష్టమనిపించి, ఆ ప్రదర్శన మరునాడు శంషాబాదు మండలములోని అమ్మపల్లి సీతారామచంద్రస్వామి దేవాలయమునకు వారిని తీసికొనిపోతిమి. చిత్రీకరణలకు పేరుపొందిన తావది. ఏడంతస్తుల గోపురము కలది. ఒకే వెడల్పు గల మూడు కిటికీలను అట్టలో కోసి, ఒకటి 1.37, ఒకటి 1.85, ఒకటి 2.35గా నుంచి, ఒకే చోట నిలిచి చూడుమంటిమి. మొదటి కిటికీలో ద్వారమునందలి మనుష్యుడును గోపుర శిఖరమును కలిసి కనబడునట్లు నిలువగా, మూడవదానిలో పై యంతస్తులు పోయినవి. శిఖరమును మరల చేర్చుటకు వెనుకకు నడిచినచో ద్వారమునందలి మనుష్యుడు చీమవలె నయ్యెను. తిరుగుదారిలో, 2008లో ప్రారంభమైన విమానాశ్రయమువైపు దిగుచున్న విమానములను అదే అట్టతో చూచిరి. 4,260 మీటర్ల పరుగుబాటను చేరవచ్చు విమానమునకు 2.35 కిటికీ సరిపోయినది, 1.37లో సగము ఆకాశము ఊరక మిగిలినది. గంట వ్యాఖ్యానము చేయలేని పని ముక్క అట్ట చేసినది.

70 ఎం. ఎం. అను మాటను గూర్చి యిచ్చట కొంత చెప్పవలెను. హైదరాబాదు ఆర్. టి. సి. క్రాస్ రోడ్డు వద్ద సంధ్య 70 ఎం. ఎం., దేవి 70 ఎం. ఎం., సుదర్శన్ 35 ఎం. ఎం. అని హాళ్ళ పేర్లలోనే కొలతలు చేరినవి. ఇట్లు ఫిల్ము వెడల్పును ఇంటిపేరుగా ధరించిన కట్టడము లితర దేశముల నెన్ని కలవో! కాని యీ సంఖ్యలు ఫిల్ము వెడల్పును చెప్పునే గాని, బొమ్మ నిష్పత్తిని చెప్పవు. 70 మిల్లీమీటర్ల చిత్రపు నిష్పత్తి 2.20, 35 మిల్లీమీటర్ల సినిమాస్కోపు 2.35. అనగా 70 ఎం. ఎం. బొమ్మ పెద్దదే గాని నిష్పత్తిలో సినిమాస్కోపుకంటె తక్కువ వెడల్పు. మా విద్యార్థులలో ఒక్కరును దీనిని నమ్మలేదు. భాగహారము చేసి చూపవలసి వచ్చినది. తెలుగున తొలి 70 ఎం. ఎం. చిత్రమైన 'సింహాసనం' 1986లో కృష్ణగారి దర్శకత్వమున వచ్చినది.

మన దేశపు 70 ఎం. ఎం. చిత్రములలో ప్రసిద్ధమైన 'షోలే' (1975) పాఠనిర్ణయమున మనకు మంచి పాఠము చెప్పును. దానిని 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసి, 70 మిల్లీమీటర్లకు పెంచిరి. పెంచునపుడు పైన క్రింద కొంత కత్తిరింపబడినది. మూల ఫిల్ముపై నున్నదంతయు మూలపాఠమే యని వాదించువారు, ఇచ్చట మూలఫిల్మునే నిండుగా చూపవలెనందురు. కాని దర్శకుడును ఛాయాగ్రాహకుడును కత్తిరింపు జరుగునని యెరిగియే దృశ్యములను కూర్చిరి. 2025 జూన్ నెలలో ఇటలీలోని బొలోన్యా నగరమున ప్రదర్శించిన పునరుద్ధృత ప్రతి 2.20 నిష్పత్తినే గ్రహించినది. అది న్యాయము. కవి తన చిత్తుప్రతిలో కొట్టివేసిన పంక్తిని పరిష్కర్త చదువగలిగినంత మాత్రాన మూలములో చేర్చడు గదా. కావున ఫిల్ముపై నేమున్నదను ప్రశ్న మొదటిది. ఏ తెరకై యుద్దేశింపబడినదను ప్రశ్న దానికంటె పెద్దది. 'మాయాబజార్'లో రెండు ప్రశ్నలకును సమాధాన మొక్కటే, 'షోలే'లో వేరు. 1960, 1970 దశకముల తెలుగు సాంఘిక చిత్రములలో కొన్నిటిని గూర్చి మాకిప్పటికిని నిశ్చయము కుదరలేదు. అట్టివానిని పూర్తి చట్రమున చూపుటయే మేలని మా యభిప్రాయము; అధిక మున్నచో కన్ను విడిచిపెట్టగలదు, పోయినదానిని తెచ్చుకొనలేదు.

ఇక డిస్కుల సంగతి. మన యిండ్లకు మొదట వచ్చినది వీసీడీ. దానిలో బొమ్మ 352 బిందువుల వెడల్పు, 288 వరుసల ఎత్తు. ఆకార మెప్పుడును 4:3 యే. పాత చిత్రములకు ఇది యించుమించు సరిపోయినది. సినిమాస్కోపు చిత్రములకు మాత్రము రెండే మార్గములు: పైన క్రింద నల్లని పట్టీలుంచి చిన్న బొమ్మ చూపుట, లేదా ప్రక్కలు కత్తిరించుట. ప్రక్కలు కత్తిరించినచో నూటికి 43 పాళ్ళు పోవును. ఇద్దరు మాటలాడుకొను దృశ్యమున ఒకరి ముక్కు, ఒకరి చెవి మిగిలిన వీసీడీలను మేము చూచియున్నాము.

1990 దశకపు రెండవ భాగమున వచ్చిన డీవీడీ యొక చిత్రమైన యేర్పాటు గలది. మన దేశపు పద్ధతిలో 720 బిందువుల వెడల్పు, 576 వరుసల ఎత్తు. బొమ్మ 4:3 యైనను 16:9 యైనను బిందువుల సంఖ్య మారదు! ఏ యాకారమునకు సాగదీయవలెనో తెలుపు గుర్తు డిస్కులో వేరుగా నుండును. ఆ గుర్తు తప్పైనను, చదువు యంత్రమున మన టెలివిజన్ ఆకారమును తప్పుగా నమోదు చేసినను, బొమ్మ సాగిపోవును. శంషాబాదున మా లడ్లు మూడవ వంతు అధికముగా సాగినది ఇట్టి కారణముననే. డిస్కు తప్పు కాదు. ప్రొజెక్టరును '16:9'లో నుంచి, 4:3 బొమ్మను దానిలోనికి లాగితిమి.

డిస్కు పెట్టెలపై 'అనమార్ఫిక్' అను మాట కనబడును. దానిని చూచి సినిమాస్కోపు చిత్రమని భ్రమపడరాదు. సినిమాస్కోపు కటకము రెండింతలు నొక్కును; డిస్కు మూడింట నాలుగవ వంతుగా మాత్రమే నొక్కును, అదియును కటకముతో కాదు, లెక్కతో. పేరొకటే, పని వేరు. 1.85 చిత్రమును కూడ డిస్కుపై అనమార్ఫిక్ గా ముద్రింపవచ్చును. దీని ప్రయోజన మేమనగా, 2.35 చిత్రమునకు 576 వరుసలలో సుమారు 436 వరుసలు బొమ్మకు లభించును. ఈ పద్ధతి వాడక 4:3 చట్రమునందే పట్టీలతో ముద్రించినచో 327 మాత్రమే. మన పాత తెలుగు డీవీడీలలో రెండవ రకము తక్కువ కాదు. అట్టిదానిని నేటి వెడల్పు తెరపై యథాతథముగ చూపినచో నలుప్రక్కలను నలుపు చేరి, బొమ్మ తెర వైశాల్యములో నూటికి 43 పాళ్ళలోపే నిలుచును. ఇచ్చట, ఇచ్చట మాత్రమే, బొమ్మను పెంచు మీటను నొక్కుట న్యాయము. ఏలయన తెగిపోవునది నలుపే గాని చిత్రము కాదు. క్రిందిపట్టీలో ఉపశీర్షికలు ముద్రించియున్నచో అవి పోవును. అప్పుడు ఏది కావలెనో ప్రేక్షకుల భాషను బట్టి నిర్ణయించుకొనవలెను.

2006లో వచ్చిన బ్లూరే డిస్కుతో ఈ సాగదీయు గొడవ చాలవరకు తీరినది. 1920 బిందువులు, 1080 వరుసలు. ఆకార మెల్లప్పుడు 16:9. పాత చిత్రమైనచో ప్రక్కపట్టీలు, సినిమాస్కోపైనచో పైక్రింది పట్టీలు బొమ్మలోనే చేర్చియుందురు. ఈ 16:9 యే చలనచిత్రమునకును సహజమైన ఆకారము కాదు. 1980 దశకమున అమెరికా ఇంజనీరు కెర్న్స్ పవర్స్ ఆ కాలపు వాడుకలో నున్న 1.33 మొదలు 2.35 వరకు గల నిష్పత్తులన్నిటికిని మధ్యస్థముగా దానిని గణించెను. రెంటిని గుణించి వర్గమూలము తీసినచో సుమారు 1.77 వచ్చును. అందరికిని కొంత నష్టము, ఎవరికిని సర్వనష్టము కాదు. అట్టి రాజీ కొలతను చిత్రకర్తల సంకల్పముగా భావించి, ప్రతి బొమ్మను దానిలో నింపజూచుట నేటి ఆపరేటరు చేయు మొదటి తప్పు.

చిత్రము తెరపైకి వచ్చిన మొదటి నిమిషముననే పరీక్ష చేయవచ్చును. తెలుగువారికి ఇందులో నొక సౌకర్యము కలదు. మన లిపి గుండ్రనిది. పేరులు చూపు పలకలలో సున్న కనబడగానే దాని వెడల్పును ఎత్తును పోల్చవలెను. ఒక్క సున్నను నమ్మరాదు. వ్రాసిన చిత్రకారుని చేతివాటము కొంత యుండును. చక్రములు, చంద్రబింబము, పళ్ళెములు, మా లడ్లు కూడ సాక్ష్యమునకు వచ్చును. పిదప అంచులను చూడవలెను: పై పంక్తి తలకట్లును, క్రింది పంక్తి వత్తులును అంచునకు తగులుచున్నచో ఎక్కడనో కత్తిరింపు జరుగుచున్నది. గుండ్రదనము సరిపోయినంత మాత్రాన బొమ్మ సరియైనదని తలపరాదు. శంషాబాదున రెండవ మీట నొక్కినపుడు లడ్లు గుండ్రముగనే యుండెను, కిరీటమే లేదు.

'మాయాబజార్'నకు రంగులద్ది, శబ్దమును క్రొత్తరీతిని సమకూర్చి 2010 జనవరి 30న హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ విడుదల చేసిన ప్రతిని గూర్చి చెప్పక తప్పదు. దానివలన క్రొత్త తరము హాళ్ళకు పోయి ఈ చిత్రమును చూచినది; అది చిన్న ఉపకారము కాదు. రంగులను గూర్చి అప్పుడు చాల చర్చ జరిగినది. మాకు తోచినంతవరకు రంగుకంటె ఆకారమే పెద్ద విషయము. రంగు నచ్చనివాడు టెలివిజన్ లోని మీట త్రిప్పి తొలగించుకొనవచ్చును. 1.37 చట్రమును వెడల్పు మార్చక 2.35 తెరకు సరిపుచ్చవలెనన్న ఎత్తులో నూటికి 42 పాళ్ళు విడువవలెను. దానిని తిరిగి తెచ్చు మీట ఏ యంత్రమునను లేదు. కావున బోధనమునకు ఏ చిత్రమునకైనను వెడల్పు చేసిన ప్రతియు పూర్వపు ప్రతియు రెండును లభించినపుడు, మసకగా నున్నను, గీతలున్నను, పూర్వపు ప్రతినే వాడవలెను. గీతలు గల తాళపత్రమును విడిచి, చక్కగా అచ్చైన సంక్షేపమును పాఠ్యముగా నుంచువారుండరు.

తెరలో ఖాళీ మిగులుట ప్రేక్షకునకు నష్టమను భావము మాత్రము త్వరగా పోదు. దానికి నల్లని గుడ్డ చాలును. పట్టీ కనబడునంతవరకే ఖాళీ. తెర కిరుప్రక్కల నల్లని పరదాలను బొమ్మ యంచువరకు జరిపినచో అది చట్రమగును. పూర్వపు హాళ్ళలో యంత్రముతో కదలు పరదా లిందులకే యుండెడివి. 2003లో హైదరాబాదున ప్రారంభమైన ప్రసాద్స్ ఐమాక్స్ తెర అప్పుడు 72 అడుగుల ఎత్తు, 95 అడుగుల వెడల్పు గలదై యుండెను; నిష్పత్తి సుమారు 1.32. నగరమంతయు నోరు తెరచి చూచిన ఆ మహాతెర, ఆకారమున 'భక్త ప్రహ్లాద' కాలపు తెరకు సోదరియే యని మేము చెప్పగా గొణిగిన విద్యార్థులు కొంత శాంతించిరి.

పదునైదు దినముల పిమ్మట అదే సభాభవనమున 'మాయాబజార్'ను మరల మొదటినుండి ప్రదర్శించితిమి. ఈమారు ఇరుప్రక్కల అడుగున్నర మేర నల్లగుడ్డ వ్రేలాడదీసితిమి. యంత్రము నడపు యువకుడు పేరుల పలకలోని సున్నను కొలబద్దతో కొలిచి, తలయూచెను. వృద్ధుడును వచ్చెను, చివరివరకు నిలిచెను, ఏమియు ననలేదు. మా గ్రంథాలయమునందలి డిస్కుల పట్టికలో చిత్రము పేరు, సంవత్సరము, నిడివి, రంగు అను నిలువు గడులు మాత్రమే యుండెను. విద్యార్థులు ప్రతి డిస్కును తెరచి చూచి, మరి రెండు గడులు చేర్చుచున్నారు: చిత్రపు నిష్పత్తి, డిస్కుపై ముద్రించిన నిష్పత్తి. ఇంతవరకు చూచిన వానిలో ఈ రెండును సరిపోలని డిస్కులే యెక్కువ.